సంతకం పెట్టేముందు దుర్గాబాయమ్మ గుర్తొచ్చి ఉంటే...

1994 జూన్. బళ్లు తెరిచి వారం కూడా కాలేదు. కోనసీమలో ఓ ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లుగా తెలుగూ, సోషలూ చెబుతున్నాన్నేను. మూడో పీరియడ్లో ఆయా వచ్చి కరస్పాండెంటు గారు పిలుస్తున్నారంది. వెళ్లేసరికి బల్ల మీద ఓ తెల్లకాగితం, పెన్ను సిద్ధంగా ఉన్నాయి. సొంత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నానని రాయమన్నారు. తేదీ మాత్రం వేయొద్దన్నారు. నేను చేసిన నేరమల్లా జీతాల రిజిస్టర్లో ఒక అంకె దగ్గర సంతకం పెట్టించుకుని, చేతికి అందులో సగం ఇవ్వడమేమిటని స్టాఫ్‌రూంలో పైకి అనడం. నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ వాళ్ల బీరువాలో ఉన్నాయి. సంతకం పెడితే అవి చేతికొస్తాయి, లేకపోతే లేదన్నారు. పెట్టేశాను. సర్టిఫికెట్లేమో వచ్చేవారం రమ్మన్నారు!

ఇంటికొచ్చి ఏడుస్తుంటే మా మేనత్త ఓదార్చలేదు. ఏ టైముకి పెట్టావు, గదిలో ఎవరెవరున్నారు, నీ చేత్తోనే రాశావా, ఎవరైనా చెబితే రాశావా అని ప్లీడరులా అడిగింది. ఆ తర్వాత ఓ మాటంది. దుర్గాబాయమ్మ లా చదివిందే నీలాంటివాళ్ల కోసం, నువ్వేమో చదువుకుని కూడా వేలిముద్ర వేసినట్టు వేసొచ్చావంది. చురుక్కుమంది నాకు.

అత్తయ్య చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకుని, మద్రాసు ఆంధ్ర మహిళాసభలో చేరి, ఆగిపోయిన చదువు మళ్లీ మొదలెట్టి టీచరైన మనిషి. మా ఇంట్లో దేవుడి పటాల పక్కన దుర్గాబాయమ్మ ఫొటో ఉండేది. నాకు మాత్రం అప్పటిదాకా ఆవిడంటే సోషల్ పాఠంలో రెండు లైన్లు, అంతే. ఆ వేసవిలో, ఉద్యోగం లేని రోజుల్లో, అత్తయ్య చెప్పినవీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాను.

దుర్గాబాయమ్మ పుట్టింది 1909 జూలై 15న, మన రాజమండ్రిలో. తండ్రి బి.వి.ఎన్. రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. వింతేమిటంటే, పదిహేనేళ్లు వచ్చి పెళ్లంటే ఏమిటో తెలిసిన తర్వాత ఆ పిల్ల చేసిన పని. తనకి ఈ సంసారం వద్దనీ, మీకు నచ్చిన అమ్మాయిని చేసుకొమ్మనీ ఆ భర్తకే నేరుగా చెప్పేసింది. తండ్రీ, తమ్ముడూ ఆమె పక్కన నిలబడ్డారు. ఆయన వేరే పెళ్లి చేసుకున్నారు. 1941లో ఆయన పోయాక, దిక్కులేకుండా మిగిలిన ఆయన రెండో భార్యని దుర్గాబాయమ్మే చేరదీసి, పని నేర్పించి తన కాళ్ల మీద తను నిలబడేలా చేసింది. సవతి అనాలో ఏమనాలో తెలియని మనిషికి ఇంత చేసేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి!

బడి మానేసిన కథ కూడా అలాంటిదే. ఇంగ్లీషు మీడియం రుద్దుతున్నారని చిన్నప్పుడే బడికి నమస్కారం పెట్టింది. మానేసి ఊరుకుంటే మనకి తెలిసిన పిల్లే. ఈవిడ అలా ఊరుకోలేదు. హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకి తనే హిందీ పాఠశాల పెట్టింది. పన్నెండు, పదమూడేళ్ల పంతులమ్మ! ఆ పంతులమ్మ దగ్గర చదువుకున్నవాళ్లలో సొంత తల్లి కృష్ణవేణమ్మ గారు కూడా ఉన్నారు. జీతం లేదు, రిజిస్టరూ లేదు. అందుకే కాబోలు రాజీనామా అడిగే కరస్పాండెంటు కూడా లేడు అనుకుని ఆ రోజుల్లో నేను నవ్వుకునేదాన్ని.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. దేవదాసీలనీ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలనీ ఆయన దగ్గరికి తీసుకెళ్లాలని ఈ పిల్ల కోరిక. అంటరానివాళ్లన్నట్టు చూసే దేవదాసీలు ఒకపక్క, గడప దాటని స్త్రీలు ఇంకోపక్క. ఊళ్లో పెద్దవాళ్లకి రాని ఆలోచన అది. స్థానిక నాయకులు వదిలించుకుందామనో ఏమో, అయిదువేల రూపాయల నిధి తెస్తే ఓ పది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ రోజుల్లో అయిదువేలంటే ఎంతో ఊహించుకోండి. దేవదాసీ స్త్రీలే పూనుకుని ఆ డబ్బు పోగుచేశారు. గాంధీగారు వచ్చారు. పది నిమిషాలు కాస్తా ఇంకా చాలాసేపు సాగింది. వచ్చిన ఆడవాళ్లు గాజులూ, గొలుసులూ తీసి ఇచ్చేశారు. అంతా కలిపి పాతికవేల దాకా తేలిందట. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది కూడా ఈ పిల్లే. అది నచ్చి, ఆ తర్వాత జరిగిన పెద్ద సభలోనూ ఆమె చేతే చెప్పించారు గాంధీగారు.

రెండేళ్ల తర్వాత, 1923లో, కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు. పక్కనే ఖద్దరు ప్రదర్శన. గేటు దగ్గర వాలంటీరుగా దుర్గాబాయమ్మ. టికెట్ లేనిదే ఎవర్నీ పంపొద్దన్నారు, పంపలేదు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, టికెట్ లేదు. ఆయన్నీ ఆపేసింది! నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి కోప్పడితే, మీరు చెప్పిన మాటే కదా నేను చేస్తున్నానంది. చివరికి రెండణాలు పెట్టి టికెట్ కొన్నాకే ఆయన లోపలికెళ్లారు. ఈ కథ తెలియని తెలుగువాళ్లు తక్కువే. కాకపోతే నాకు ఇందులో నెహ్రూ కంటే ఆ నిర్వాహకులే ఎక్కువ గుర్తుంటారు. నియమం పెట్టిందీ వాళ్లే, పెద్దమనిషి రాగానే దాన్ని పక్కన పెట్టమందీ వాళ్లే. ప్రైవేటు స్కూళ్లలో పనిచేసినవాళ్లకి ఈ రకం బాగా పరిచయం.

ఇక నన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వని భాగం. 1930లో ఉప్పు సత్యాగ్రహం. మద్రాసులో ముందు వరసలో నిలబడింది దుర్గాబాయమ్మ. అప్పటికి ఇరవై ఏళ్లు. అరెస్టు చేశారు. 1933 దాకా విడతలు విడతలుగా జైళ్లే. వెల్లూరు, ఆ తర్వాత మధుర. మధురలో ఒంటరి గదిలో పెట్టారు. చుట్టుపక్కల ఉరిశిక్ష పడ్డ ఖైదీల గదులు. ఆ అరుపులూ, ఏడుపులూ వింటూ ఆవిడ నరాలు బాగా దెబ్బతిన్నాయి. విడుదలయ్యాక కూడా చాన్నాళ్లు ఒంట్లో బాగుండేది కాదు.

జైల్లో ఆవిడ కళ్లు తెరిపించింది మాత్రం రాజకీయ ఖైదీలు కాదు, మామూలు ఆడ ఖైదీలు. అక్షరం ముక్క రానివాళ్లు. హత్య చేశారన్న కేసుల్లో ఏళ్లకేళ్లు శిక్ష పడ్డవాళ్లు. ఒక్కొక్కళ్లని కూర్చోబెట్టుకుని అడిగితే తెలిసిందేమిటంటే, చాలామంది చెయ్యని నేరాన్ని ఒప్పేసుకున్నారు. ఎవరో ఒప్పుకోమన్నారు, ఒప్పుకున్నారు. ఆ మాటకి ఫలితమేమిటో తెలియదు. కాదనే హక్కు ఉందని తెలియదు. తరఫున మాట్లాడే ప్లీడరు లేడు. ఆ గోడల మధ్యే ఆవిడ తేల్చుకుంది, బయటికెళ్లి లా చదవాలని, ఇలాంటివాళ్లకి డబ్బు తీసుకోకుండా సాయం చెయ్యాలని.

ఇది విన్న రాత్రి నేను మంచం మీద లేచి కూర్చున్నాను. బి.ఇడి. చదివిన నాకూ, ఆ ఖైదీలకీ తేడా ఏమిటి? ఒప్పుకోమన్నారు, ఒప్పుకున్నాను.

సరే, లా చదవాలంటే ముందు మెట్రిక్ పాసవ్వాలి కదా! బడి మానేసి పదేళ్లు దాటిపోయింది. ఇంగ్లీషు రాదు. ఏ భాషని కాదని బడి మానేసిందో ఆ భాషే ఇప్పుడు కూర్చుని నేర్చుకోవాలి. ఆవిడ దానికి సిగ్గుపడలేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా రాసి పాసైంది. ఇంటర్ కూడా అక్కడే. తర్వాత రాజనీతి శాస్త్రం చదువుతానంటే, అది ఆడవాళ్ల చదువు కాదని మదన్ మోహన్ మాలవ్యా గారు ఒప్పుకోలేదు. అంతటి మహానుభావుడు కూడా ఆ విషయంలో అందరిలాంటివాడే!

దాంతో వాల్తేరు వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో సీటు అడిగింది. అప్పటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆడపిల్లలకి హాస్టల్ లేదు, ఎలా చేర్చుకుంటామన్నారు. కాదనడానికి బాగా కుదిరిన కారణం. ఎవరికీ కోపం రాదు, ఎవరూ చెడ్డవాళ్లు కారు. దుర్గాబాయమ్మ వాదించలేదు. చదువుకోవాలని ఉండి హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలు తనకి రాయండని పేపర్లో ప్రకటన ఇచ్చింది. ఓ పదిమంది దాకా ముందుకొచ్చారు. వాళ్లందరూ కలిసి హాస్టల్ నడుపుకున్నారు. ఇంకేం చెబుతారు, సీటిచ్చారు! బి.ఏ. ఆనర్స్ మంచి ర్యాంకులో పాసైంది. పై చదువుకి లండన్ వెళ్లే అవకాశమొస్తే రెండో ప్రపంచ యుద్ధం అడ్డొచ్చింది. మద్రాసులో లా చదివి 1942లో డిగ్రీ తీసుకుని బార్‌లో చేరింది. జైల్లో అనుకున్న మాటకి తొమ్మిది, పదేళ్లు పట్టిందన్నమాట.

ఈలోగా 1937లో ఆంధ్ర మహిళాసభ మొదలైంది. మైలాపూరులో ఇరుగుపొరుగు చిన్నపిల్లలకి హిందీ, ఆటలూ పాటలూ నేర్పడంతో మొదలైన చిన్న క్లబ్బు అది. పిల్లల వెనక వాళ్ల తల్లులొచ్చారు, తల్లుల వెనక వితంతువులొచ్చారు, భర్త వదిలేసినవాళ్లొచ్చారు. వాళ్లని కాశీ మెట్రిక్‌కి తయారుచేయడం మొదలెట్టింది. తను నడిచిన దారే కదా, ఎక్కడ గోతులున్నాయో తెలుసు. మా అత్తయ్య చేరేనాటికి అది ఆసుపత్రీ, నర్సుల శిక్షణా, కుట్టు, ప్రెస్సు అంటూ మహావృక్షమైపోయింది. హైదరాబాదులోనూ వేళ్లూనుకుంది.

అత్తయ్య చెప్పేది, అక్కడ ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెడితే వార్డెన్ కేకలేసేదట. స్టైపెండు రిజిస్టరైనా సరే, అంకె చూసి, డబ్బు లెక్కపెట్టుకుని, అప్పుడు సంతకం. చిన్న విషయమే. నేను ఆరేళ్లపాటు చెయ్యనిది అదే.

ఇక్కడ కొంచెం నా గొడవ చెప్పాలి. ఉద్యోగం చేసే అక్కచెల్లెళ్లకి పనికొస్తుందని. మర్నాడే అత్తయ్య నన్ను బస్సెక్కించి రావులపాలెం మీదుగా రాజమండ్రి తీసుకెళ్లింది, తెలిసిన ప్లీడరు గారి దగ్గరికి. ఆయన చెప్పిందాంట్లో నాకు అర్థమైనంత ఇది. రాజీనామా అనేది మనిషి తనంతట తను ఇష్టపడి ఇచ్చేది. బెదిరించో, చేతిలో ఉన్న సర్టిఫికెట్లు చూపించి లొంగదీసో రాయిస్తే అది నిజమైన ఇష్టం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే బలవంతపు ఒప్పుదలని కాదనుకునే వీలిచ్చింది. అయితే చిక్కల్లా, బలవంతం జరిగిందని చూపించాల్సింది సంతకం పెట్టినవాళ్లే. అందుకని ఆలస్యం చెయ్యకూడదు. నాలుగు నెలల తర్వాత గుర్తొచ్చినట్టు చెబితే జడ్జిగారు నమ్మరు. ఆమోదించేలోపు రాజీనామాని వెనక్కి తీసుకునే హక్కు కూడా ఉంది.

మరి మామూలుగా తీసెయ్యకుండా రాజీనామానే ఎందుకు అడిగారు? నాకూ ఆ అనుమానమే వచ్చింది. 1982 నాటి మన రాష్ట్ర విద్యా చట్టం ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థలో టీచర్ని తొలగించాలంటే ఆరోపణ చెప్పాలి, విచారణ జరపాలి, జవాబు వినాలి. ఇదంతా ఎవరు పడతారు! టీచరే వెళ్లిపోయిందంటే ఏ గొడవా లేదు. అదీ సంగతి. లేబర్ కోర్టుకి వెళ్దామా అంటే, టీచరు ఆ చట్టం కింద కార్మికుల లెక్కలోకి రాదని 1988లో సుప్రీంకోర్టు చెప్పేసిందట. పాఠం చెప్పడం గొప్ప పని కాబట్టి కార్మికులు కారట. ఆ గౌరవం వల్ల మనకి ఒరిగిందేమిటో మరి!

ఆ కాగితం నా ఇష్టంతో రాసింది కాదనీ, వెనక్కి తీసుకుంటున్నాననీ ఆ సాయంత్రమే రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, ముట్టినట్టు రసీదు వచ్చేలా. పోస్టాఫీసు ముద్రలో ఉన్న తేదీయే తర్వాత నన్ను కాపాడింది. దానికి జవాబు రాలేదు, స్కూల్లోకీ రానివ్వలేదు. దావా వేశాం.

దుర్గాబాయమ్మ దగ్గరికొస్తే, 1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ సభకి ఎన్నికైంది. ఆ సభలో ఆడవాళ్లు పదిహేనుమంది. అధ్యక్షుడు లేనప్పుడు సభని నడిపే ప్యానెల్‌లో ఉన్న ఏకైక స్త్రీ ఈవిడే. వందల సవరణలు ప్రతిపాదించింది. రాజ్యసభ సభ్యత్వానికి ముప్ఫై అయిదేళ్లుండాలని ముసాయిదాలో ఉంటే, ముప్ఫై చాలని పట్టుబట్టింది. ఇప్పుడున్నది ముప్ఫయ్యే. అక్షరం రానివాళ్ల మధ్య జైల్లో కూర్చున్న మనిషి పదిహేనేళ్లు తిరక్కుండా దేశానికే చట్టం రాసే చోట కూర్చుంది.

అంత చేసిన మనిషిని 1952 ఎన్నికల్లో రాజమండ్రి ఓడించింది. అవునండీ, మన రాజమండ్రే. అప్పటి గాలి అలాంటిది, కాంగ్రెస్ మీద కోపం అలాంటిది అని పెద్దలంటారు. నాకు మాత్రం గోదావరి వంతెన దాటుతున్నప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చి కొంచెం సిగ్గేస్తుంది. ఆ ఓటమి తర్వాతే నెహ్రూ ఆవిడని ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. రెండణాల టికెట్ సంగతి ఆయన మర్చిపోలేదేమో!

1953 జనవరి 22న ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారితో పెళ్లి. ఆవిడకి నలభై మూడేళ్లు. ఆయన భార్య పోయినవారు. ఆయనది మరాఠీ, ఈవిడది తెలుగు. రిజిస్టరు పెళ్లి, సాక్షుల్లో నెహ్రూ ఒకరు. ఆ ఏడు ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఈవిడే. మన ఊళ్లలో మహిళామండళ్లూ, బాలవాడీలూ లేచాయంటే చాలావాటి వెనక ఆ బోర్డు సాయం ఉంది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకి రెండేళ్లలో పరీక్షకి తయారుచేసే కండెన్స్‌డ్ కోర్సులు బోర్డు పెట్టినవే. చైనా వెళ్లొచ్చాక, కాపురం గొడవలకి విడిగా కుటుంబ న్యాయస్థానాలు కావాలని మొదట పట్టుబట్టినవాళ్లలో ఆవిడ ఒకరు. ఆ చట్టం 1984లో గానీ రాలేదు. 1958లో స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీ కూడా ఆవిడ పేరుతోనే ప్రసిద్ధి.

రాజీనామా మాటొచ్చింది కాబట్టి ఇదొకటి చెప్పాలి. 1956లో దేశ్‌ముఖ్ గారు ఆర్థికమంత్రి పదవికి రాజీనామా చేశారు. బొంబాయిని మహారాష్ట్ర నుంచి విడదీసే ఆలోచన ఆయనకి నచ్చలేదు. అక్కడ జరిగిన పోలీసు కాల్పుల మీద విచారణ లేకపోవడం నచ్చలేదు. ఎవరూ అడగలేదు, కాగితం ముందు పెట్టలేదు. కారణాలు సభలో నిలబడి చెప్పి మరీ వెళ్లారు. ఈ సంగతి చదివినప్పుడు ఆ మాటకి నాకు అర్థం తెలిసింది. అప్పటిదాకా రాజీనామా అంటే నాకు బల్ల మీది తెల్లకాగితమే.

1975లో భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి పద్మవిభూషణ్ వచ్చింది. ఆయనా నేనూ అన్నట్టు ఇద్దరి కథా కలిపి ఇంగ్లీషులో ఆవిడ రాసిన పుస్తకం 1980లో అచ్చయింది. 1981 మే 9న దుర్గాబాయమ్మ పోయింది. డెబ్భై ఒక్క ఏళ్లు. మర్నాడు పేపరు చూసి అత్తయ్య పొయ్యి వెలిగించలేదు. ఇప్పుడు ఢిల్లీలో ఓ మెట్రో స్టేషనుకి ఆవిడ పేరుంది. చెన్నైలో రోడ్డుంది.

నా దావా రెండేళ్లు పైనే నడిచింది. వాళ్లు కోర్టులో పెట్టిన నా రాజీనామా కాగితం మీద తేదీ ఉంది. నా రాత నీలం ఇంకు, తేదీ నల్ల ఇంకు. పైగా ఆ తేదీ నేను రిజిస్టర్డ్ పోస్టు పంపిన రోజు తర్వాతది! వెనక్కి తీసుకున్న తర్వాత రాజీనామా చేసే మనిషి ఉంటుందా? అది చూసి వాళ్ల ప్లీడరే రాజీకొచ్చాడు. ఉద్యోగం తిరిగి రాలేదు. నేనూ గట్టిగా అడగలేదు, మళ్లీ ఆ గదిలోకి వెళ్లాలనిపించలేదు. అది నా బలహీనతే అంటుంది అత్తయ్య. ఆగిపోయిన జీతాలు కొన్ని ఇచ్చారు, సర్టిఫికెట్లిచ్చారు. నాతో పాటు స్టాఫ్‌రూంలో ఉన్నవాళ్లెవరూ సాక్ష్యానికి రాలేదు. వాళ్ల సర్టిఫికెట్లూ ఆ బీరువాలోనే ఉన్నాయి మరి. కోపం లేదు.

నాకు ప్లీడరు గారు తెలిసినవారు కాబట్టి సరిపోయింది. అలా తెలిసినవాళ్లు లేనివాళ్లు జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థకి వెళ్లొచ్చు. 1987 చట్టం కింద ఆడవాళ్లయితే చాలు, ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరుని ఇస్తారు. 1995 నవంబరు నుంచి అది అమల్లో ఉంది.

తర్వాత డీఎస్సీ రాసి సర్కారు బళ్లో చేరి, అక్కడే రిటైరయ్యాను. సర్టిఫికెట్లు తిరిగొచ్చిన రోజు సాయంత్రం అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని కవరులోంచి ఒక్కొక్కటే తీసింది. టెన్త్, ఇంటర్, డిగ్రీ, బి.ఇడి. అన్నీ ఉన్నాయని రెండుసార్లు లెక్కపెట్టి, ముట్టినట్టు కాగితం మీద అప్పుడు సంతకం పెట్టమంది.